కర్నల్ కనకయ్య నాయుడు

ఆటలో గెలుపోటములు సహజములు. గెలిచినవారి పేర్లు కొన్నినాళ్ళు జనుల నోళ్ళలో నాని, పిమ్మట మరుగున పడిపోవును. కాని కొందరు క్రీడాకారులు ఎన్ని పోటీలు గెలిచిరను లెక్కతో నిమిత్తము లేకయే జాతి స్మృతిలో నిలిచిపోవుదురు. వారు ఆడిన తీరే అందులకు కారణము. భారతదేశపు మొట్టమొదటి క్రికెట్టు టెస్టు జట్టునకు నాయకత్వము వహించిన కొఠారి కనకయ్య నాయుడు అట్టివాడు. ఆయన ఆడిన టెస్టు పోటీలు ఏడు మాత్రమే. నాయకుడుగా గెలిచిన టెస్టు ఒక్కటియు లేదు. అయినను భారత క్రికెట్టు చరిత్ర చెప్పువారెవ్వరును ఆయనను విడిచి ముందునకు సాగజాలరు.

కనకయ్య నాయుడు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురములో జన్మించెను. ఆయన పూర్వులు తెలుగువారు. తెలుగుదేశము విడిచి వచ్చి, నాగపురమున స్థిరపడిన సంపన్న కుటుంబము వారిది. తాత నారాయణస్వామి నాయుడు ఆ పట్టణమున పేరుమోసిన న్యాయవాది. 1891లో నాగపురమున జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభకు ఆయన ఆహ్వాన సంఘాధ్యక్షుడుగా వ్యవహరించెను. ఆ మహాసభకు అధ్యక్షత వహించిన పనప్పాకము ఆనందాచార్యులును తెలుగువాడే. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కూడ న్యాయశాస్త్రము చదివినవాడు. విద్యయు, సంపదయు, దేశాభిమానమును గల యింట కనకయ్య పెరిగెను.

బాల్యముననే ఆయనకు క్రికెట్టుపై మక్కువ కలిగెను. హిస్లాప్ కళాశాలకు అనుబంధమైన ఉన్నత పాఠశాలలో చదువుచు, పాఠశాల జట్టులో ముఖ్యుడయ్యెను. వయసు వచ్చునప్పటికి ఆరడుగులకు మించిన ఎత్తుతో, సన్నగా, నిటారుగా, బలిష్ఠుడై యుండెను. క్రికెట్టులో కొందరు బ్యాటు పట్టుటయందును, కొందరు బంతి వేయుటయందును నేర్పరులగుదురు. ఈ రెండు పనులలోను జట్టునకు అక్కరకు వచ్చువానిని ఆల్‌రౌండర్ అందురు. నాయుడు అట్టి ఆల్‌రౌండర్. బంతిని ఆకసమున కెగురగొట్టగల బ్యాట్స్‌మన్. మధ్యమ వేగముతో గురి తప్పక బంతి వేయగల బౌలరు. ఫీల్డింగులోను ఆయన చురుకుదనము నాటివారిలో అరుదు.

ఆ కాలమున భారతదేశమున క్రికెట్టు నేటివలె రాష్ట్రముల వారీగా సాగెడిది కాదు. బొంబాయిలో ఏటేట జరుగు చతుర్జట్టు పోటీలే దేశమున కంతటికి పెద్ద పండుగ. యూరోపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు అను నాలుగు జట్లు అందు పాల్గొనెడివి. మతమును బట్టి జట్లను విభజించుట మంచి పద్ధతి కాదు. గాంధీమహాత్ముడు కూడ తరువాతి కాలమున దానిని నిరసించెను. ఆ పోటీలు 1946తో ఆగిపోయెను. అయినను పరాయి పాలన సాగుచున్న ఆ దినములలో, పాలకులైన ఆంగ్లేయులతో భారతీయులు సమానులుగా నిలిచి తలపడుటకు గల తావులు తక్కువ. క్రికెట్టు మైదానము అట్టి తావులలో నొకటి. కనుకనే ఆ పోటీలను చూచుటకు వేలకొలది జనులు మూగెడివారు.

1916లో నాయుడు హిందూ జట్టు పక్షమున యూరోపియనులపై తన మొదటి పెద్ద పోటీ ఆడెను.  జట్టు 79 పరుగులకే ఏడు వికెట్లను పోగొట్టుకొని చిక్కులలో నున్న వేళ, ఆయన తొమ్మిదవ ఆటగాడుగా మైదానమున ప్రవేశించెను. క్రొత్తవాడు కావున జంకునని అందరును తలచిరి. మొదటి మూడు బంతులను ఆయన నిదానముగా ఆపెను. నాలుగవ బంతిని హద్దు దాటునట్లు గాలిలోనికి కొట్టి సిక్సర్ సాధించెను. తరువాతి నలువది సంవత్సరముల ఆటకు అదియే నాంది. ముందుగా పరికించుట, పిదప భయము లేక కొట్టుట ఆయన పద్ధతి.

క్రమముగా నాయుడు పేరు దేశమంతట వ్యాపించెను. 1923లో ఇండోరు సంస్థానాధీశుడగు తుకోజీరావు హోల్కరు ఆయనను తన సంస్థానమునకు రావించి, సైన్యమున కెప్టెన్ పదవి నిచ్చెను. తరువాత ఆయన కర్నల్ అయ్యెను. ఆనాడు క్రికెట్టు ఆడి పొట్ట పోసికొనుట దుర్లభము. మంచి ఆటగాండ్రను చేరదీసి, ఉద్యోగము లిచ్చి పోషించినవారు సంస్థానాధీశులే. ఇండోరు నాయుడునకు స్థిర నివాసమయ్యెను. ఆ యూరిలో యువకులకు ఆట నేర్పు బాధ్యతను కూడ ఆయన తనపై వేసికొనెను. ముస్తాక్ అలీ అను బాలుని నేర్పును గుర్తించి తీర్చిదిద్దినవాడు నాయుడే. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టరున 112 పరుగులు చేసి, విదేశమున టెస్టు శతకము సాధించిన మొదటి భారతీయు డయ్యెను.

1926వ సంవత్సరము భారత క్రికెట్టు చరిత్రలో మలుపు. ఇంగ్లండునందలి ఎం.సి.సి. అను ప్రసిద్ధ క్రికెట్టు సంఘము ఆ యేడు ఆర్థరు గిల్లిగన్ నాయకత్వమున ఒక జట్టును భారతదేశమునకు పంపెను. నవంబరు 30, డిసెంబరు 1 తేదీలలో బొంబాయి జింఖానా మైదానమున ఆ జట్టుతో హిందూ జట్టు తలపడెను. ఎం.సి.సి. మొదట ఆడి 363 పరుగులు చేసెను. గై ఎర్ల్ అను ఆటగాడు 130 పరుగులు చేసి, అందు ఎనిమిది సిక్సర్లు కొట్టెను. అట్టి బ్యాటింగును చూచి ప్రేక్షకులు విస్తుపోయిరి. దీనికి దీటైన సమాధానము భారతీయుల నుండి వచ్చునని ఊహించినవారు బహు తక్కువ.

మరునాడు నాయుడు బ్యాటు చేతబట్టి వచ్చెను. వచ్చిన కొలది సేపటికే బంతి మైదానపు హద్దులను దాటి, గుడారముల మీదను, వీథుల మీదను పడసాగెను. ఈ వార్త నగరమున వ్యాపించెను. పనులు మానుకొని వచ్చినవారితో మైదానము క్రిక్కిరిసి పోయెను. లోపల చోటు దొరకనివారు చెట్లపైకి, మేడలపైకి ఎక్కి చూచిరి. 116 నిమిషములలో నాయుడు 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు కలవు. అంతకు ముందు ఒక యిన్నింగ్సులో అన్ని సిక్సర్లు కొట్టిన ఆటగాడు ప్రపంచమున లేడు. పోటీ జయాపజయములు తేలకయే ముగిసెను. కాని ఆ దినమున జనులు ఇండ్లకు మరలినప్పుడు వారి మనస్సులలో ఏదో మారిపోయెను. ఆంగ్లేయులు నేర్పిన ఆటలో ఆంగ్లేయులను మించవచ్చునని వారు కన్నులార చూచిరి. ఎం.సి.సి. జట్టు నాయుడునకు వెండి బ్యాటును బహూకరించెను.

ఈ యాట ఫలితము ఒక్క దినముతో ముగియలేదు. భారతీయులు టెస్టులు ఆడుటకు తగినవారని గిల్లిగన్ గ్రహించెను. దేశమున కంతటికి ఒక క్రికెట్టు సంఘమును స్థాపింపుడని ఇచ్చటి పెద్దలకు ఆయన సూచించెను. తత్ఫలితముగా 1928 డిసెంబరులో భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడెను. పిదప భారతదేశమునకు టెస్టులాడు అవకాశము లభించెను. అనేకుల కృషి ఇందు గలదు. అయినను నాయుడు బ్యాటు ఆనాడు పలికిన సాక్ష్యమునకు సాటియైనది లేదు.

ఇదే కాలమున తెలుగు నేలపై కూడ క్రికెట్టునకు మంచి రోజులు వచ్చెను. 1908లో మూసీనది వరదల వలన హైదరాబాదు నగరము ఘోరముగా దెబ్బతినెను. అట్టి విపత్తు మరల రాకుండుటకై నగరమునకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అను రెండు జలాశయములు నిర్మింపబడెను. రెండవది 1927లో పూర్తి యయ్యెను. నగరము తేరుకొని వృద్ధి పొందుచున్న ఆ దినములలో, 1930-31లో, నవాబు మొయినుద్దౌలా పేర బంగారు కప్పు పోటీలు సికింద్రాబాదున ఆరంభమయ్యెను. దేశమునందలి ఉత్తమ క్రీడాకారులు ఆ పోటీలకు వచ్చెడివారు. నాయుడును వారిలో నొకడు. ఆయన ఆడిన జట్ల పట్టికలో హైదరాబాదు పేరును కలదు. నాగపురమున పుట్టి ఇండోరున నివసించిన ఆ తెలుగు వీరుని ఆట చూచు భాగ్యము ఈ విధముగా తెలుగువారికి లభించెను.

1932లో భారత జట్టు టెస్టు హోదాతో తొలిసారి ఇంగ్లండునకు బయలుదేరెను. అప్పుడు జాతీయోద్యమము తీవ్రముగా సాగుచుండెను. నాయకులు చెరసాలలలో నుండగా ఇంగ్లండుకు వెళ్ళి ఆడుట తగదని విజయ్ మర్చంటు మొదలగువారు జట్టులో చేరలేదు. వెళ్ళినవారికి నాయకు డెవరను ప్రశ్న కూడ సులభముగా తేలలేదు. భిన్న ప్రాంతములకు, భిన్న మతములకు చెందిన ఆటగాండ్రు ఒక సామాన్యుని మాట వినరనియు, రాజవంశీయుడైననే అందరును లోబడుదురనియు ఆనాటి పెద్దల నమ్మకము. అందుచేత పోరుబందరు మహారాజును నాయకునిగను, లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామసింహజీని ఉపనాయకునిగను నియమించిరి. బ్యాటులోను, బంతిలోను అందరికంటె మిన్నయైన నాయుడు సామాన్య సభ్యుడుగా నుండెను.

పోరుబందరు మహారాజు వివేకి. క్రికెట్టులో తన శక్తి పరిమితమని ఆయన త్వరలోనే గ్రహించెను. రాజకుమారుడు ఘనశ్యామసింహజీ దెబ్బ తగిలి ఆడలేని స్థితిలో నుండెను. అప్పుడు మహారాజు స్వయముగా తప్పుకొని, టెస్టు పోటీలో నాయకత్వమును నాయుడున కప్పగించెను. ఇది కొందరు ఆటగాండ్రకు రుచింపలేదు. నాయుడు శిక్షణలో మిక్కిలి కఠినుడు; ముఖప్రీతి మాటలు ఆడజాలడు. తమవంటివాడే అయిన యొకని ఆజ్ఞకు లోబడుట వారికి కష్టముగా తోచెను. పోటీ సమీపించిన సమయమున వారు ఎదురు తిరిగిరి. కాని మహారాజు తన నిశ్చయమును మార్చుకొనలేదు. పుట్టుకకంటె అర్హత గొప్పదని ఒక మహారాజే అంగీకరించుట ఆనాటికి విశేషము.

1932 జూన్ 25వ తేదీ ఉదయమున లండను నగరమందలి లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు ఆరంభమయ్యెను. ఇంగ్లండు నాయకుడు డగ్లస్ జార్డిన్. మహమ్మదు నిస్సారు వేగముగా వేసిన బంతులకు ఇంగ్లండు ప్రారంభపు ఆటగాండ్రైన సట్‌క్లిఫ్, హోమ్స్ ఇరువురును వికెట్లను కోల్పోయిరి. లాల్‌సింగ్ మెరుపువలె బంతిని విసరి ఊలీని రనౌటు చేసెను. అప్పటికి ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు. లోకములో నెల్ల బలిష్ఠమని పేరొందిన జట్టు అరగంటలో తలక్రిందు లగుట చూచి ప్రేక్షకులు దిగ్భ్రాంతులైరి. తరువాత జార్డిన్ 79 పరుగులతో జట్టును నిలబెట్టెను. ఇంగ్లండు 259 పరుగులకు ఆట ముగించెను. నిస్సారు ఐదు వికెట్లను, నాయుడు రెండు వికెట్లను తీసిరి.

ఆ పోటీలో ఫీల్డింగు చేయుచుండగా నాయుడు చేతికి గట్టి దెబ్బ తగిలెను. బ్యాటు పట్టుటయే కష్టమయ్యెను. అయినను ఆయన బాధను బయటపెట్టక ఆడి, 40 పరుగులు చేసెను. భారత జట్టు మొదటి యిన్నింగ్సులో అదియే అత్యధికము. జట్టు మొత్తము 189. రెండవ యిన్నింగ్సులో అమర్‌సింగ్ 51 పరుగులు చేసి, టెస్టులలో అర్ధశతకము సాధించిన తొలి భారతీయు డయ్యెను. ఇంగ్లండు 158 పరుగుల తేడాతో గెలిచెను. భారతీయులు ఓడిరి, కాని తేలికగా ఓడలేదు. మూడు దినములలో వారిని చిన్నచూపు చూచుటకు ఎవ్వరికిని సాహసము కలుగలేదు.

ఆ పర్యటన నాలుగు మాసములకు పైగా సాగెను. చలికిని, వానకును, ఎడతెగని ప్రయాణములకును అలవాటు పడని ఆటగాండ్రు కొందరు అలసిపోయిరి. నాయుడునకు అప్పటికి ముప్పదియారు సంవత్సరములు నిండినవి. అయినను ప్రథమ శ్రేణికి చెందిన ఇరువదియారు పోటీలలో ఒక్కదానిని కూడ ఆయన విడువలేదు. మే నెలలో లార్డ్స్ మైదానమున ఎం.సి.సి.పై 118 పరుగులు చేసి నిలిచెను. బర్మింగ్‌హామునందలి ఎడ్జ్‌బాస్టన్ మైదానమున ఆయన కొట్టిన ఒక సిక్సర్ ప్రక్కనున్న రీ అను చిన్న నదిని దాటి పడెను. ఆ నది నాడు రెండు జిల్లాలకు సరిహద్దు. ఒక జిల్లాలో కొట్టిన బంతి మరియొక జిల్లాలో పడెనని ప్రజలు వింతగా చెప్పుకొనిరి.

పర్యటన ముగియునప్పటికి నాయుడు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసెను. ఆల్‌రౌండర్ అను మాటకు ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు. క్రికెట్టు లోకమున ప్రామాణికమైన విజ్డెన్ వార్షిక గ్రంథము ఏటేట ఐదుగురు ఉత్తమ ఆటగాండ్రను ఎన్నుకొనును. 1933వ సంవత్సరపు సంచికలో నాయుడు వారిలో నొకడుగా ఎన్నిక యయ్యెను. భారత జట్టు పక్షమున ఆడి ఈ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు.

మరుసటి యేడు జార్డిన్ నాయకత్వమున ఇంగ్లండు జట్టు భారతదేశమునకు వచ్చెను. ఈ గడ్డపై జరిగిన మొదటి టెస్టు 1933 డిసెంబరు 15న బొంబాయి జింఖానా మైదానమున ఆరంభమయ్యెను. ఏడేండ్ల క్రిందట పదునొకండు సిక్సర్లు చూచిన మైదానమే అది. నాయుడు ఈసారియు నాయకుడు. రెండవ యిన్నింగ్సులో లాలా అమర్‌నాథ్ అను యువకుడు నిర్భయముగా ఆడుచుండగా, నాయుడు రెండవ ప్రక్క నిలిచి ఆతనికి ధైర్యము నిచ్చెను. ఇరువురును కలిసి 186 పరుగులు చేర్చిరి. అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, భారతదేశమునకు తొలి టెస్టు శతకమును సాధించెను. నాయుడు 67 పరుగులు చేసెను. ఆ వరుసలోని మూడు టెస్టులలో ఇంగ్లండు రెండింటిని గెలిచెను. కలకత్తా టెస్టు సమానముగా ముగిసెను. కలకత్తాలో నాయుడు తమ్ముడు సుబ్బన్న నాయుడు కూడ భారత జట్టులో ప్రవేశించెను.

1936లో భారత జట్టు మరల ఇంగ్లండునకు వెళ్ళెను. ఈసారి నాయకత్వము మరల రాజవంశమునకే దక్కెను. విజయనగర మహారాజకుమారుడు నాయకుడయ్యెను. ఆ తెలుగు రాజకుమారుడు క్రికెట్టునకు ధనము వెచ్చించి పోషించినవాడే. కాని టెస్టు జట్టును నడుపుటకు కావలసిన ఆట ఆయనకు లేదు. జట్టులో కక్షలు పెరిగెను. మంచి ఆటలో నున్న అమర్‌నాథును క్రమశిక్షణ పేర నడుమనే స్వదేశమునకు పంపివేసిరి. తరువాత ఈ వ్యవహారమును విచారించిన బోమాంటు సంఘము నాయకత్వమున గల లోపములను ఎత్తి చూపెను. అట్టి వాతావరణమున నాయుడు సామాన్య సభ్యుడుగా ఆడవలసి వచ్చెను. ఒకప్పుడు తాను నడిపిన జట్టులో ఇతరుని ఆజ్ఞకు లోబడి నిలుచుట ఎంతటివానికైనను పరీక్షయే.

ఆ పరీక్షకు నాయుడు తన బ్యాటుతోనే సమాధానము చెప్పెను. ఆగస్టు నెలలో లండనునందలి ఓవల్ మైదానమున మూడవ టెస్టు జరిగెను. హ్యామండు 217 పరుగులు చేయగా ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 471 పరుగుల వద్ద ఆట నిలిపెను. భారత జట్టు 222 పరుగులకే ముగిసి, వెంటనే రెండవసారి ఆడవలసి వచ్చెను. ఇంగ్లండు నాయకుడు అలెన్ వేగముగా వేసిన బంతి ఒకటి నాయుడు గుండెపై తగిలెను. ఆయన తూలి, బ్యాటును జారవిడిచెను. చూచినవారందరును ఆయన మైదానమును వీడి పోవునని తలచిరి. కాని నాయుడు క్షణకాలము ఊపిరి తీసికొని, బ్యాటును మరల ఎత్తెను. నలువది సంవత్సరములు నిండిన ఆ వయసులో 81 పరుగులు చేసెను. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదియే. జట్టు 312 పరుగులు చేసి ఇన్నింగ్సు పరాజయమును తప్పించుకొనెను. ఇంగ్లండు తొమ్మిది వికెట్లతో గెలిచెను. నాయుడునకు అదియే కడపటి టెస్టు.

అంతటితో ఆయన ఆట ముగిసినదని తలచుట పొరపాటు. ఆయన నాయకత్వ ప్రతిభ సంపూర్ణముగా వికసించినది ఆ తరువాతనే. 1941-42 నుండి హోల్కరు జట్టు రంజీ ట్రోఫీ పోటీలలో ప్రవేశించెను. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కరు, సుబ్బన్న నాయుడు మొదలగు మేటి ఆటగాండ్రు అందు చేరిరి. వేరువేరు ప్రాంతములనుండి వచ్చిన వారిని ఒక్కటిగా మలచినవాడు కనకయ్య నాయుడు. 1944-45 మొదలు 1952-53 వరకు గల తొమ్మిది సంవత్సరములలో హోల్కరు జట్టు ఎనిమిది మారులు తుది పోటీకి చేరి, నాలుగు మారులు ట్రోఫీని గెలిచెను. సామాన్యుని మాట జట్టు వినదని 1932లో కొందరు పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకము తప్పని ఇండోరున ఋజువయ్యెను.

ఆయన శిక్షణ సైనిక శిక్షణయే. సాధనకు కాలము తప్పి వచ్చుట, ఫీల్డింగులో ఏమరుపాటు, దెబ్బ తగిలినదని మూలుగుట ఆయనకు గిట్టెడివి కావు. ఈ కాఠిన్యము వలన ఆయనకు విరోధులును ఏర్పడిరి. మృదువుగా నడచుకొనిన యెడల కొన్ని కలహములు తప్పియుండెడివేమో. కాని ఇతరులకు పెట్టిన నియమమును ఆయన తనకును పెట్టుకొనెను. ఏబది యేండ్ల వయసులో, 1945-46లో, బరోడా జట్టుపై ఆయన 200 పరుగులు చేసెను. అంత వయసున ప్రథమ శ్రేణి పోటీలో ద్విశతకము సాధించుట మిక్కిలి అరుదు. కుమారుల యీడు బౌలర్లు అలసిపోవగా, ఆయన మాత్రము అలసట నెరుగక నిలిచెను.

1951-52లో బొంబాయి జట్టుతో ఆడుచుండగా జరిగిన సంఘటన ఆయన స్వభావమును చక్కగా తెలుపును. అప్పటి కాయనకు ఏబదియారేండ్లు. ఫడ్కర్ అను టెస్టు బౌలరు వేసిన బంతి పైకి లేచి నాయుడు మూతిపై తగిలెను. రెండు దంతములు ఊడి నేలపై పడెను. ఆటగాండ్రు ఆందోళనతో చుట్టుమూగిరి. నాయుడు వైద్య సహాయమును నిరాకరించెను. రాలిన పండ్లను బ్యాటుతో ప్రక్కకు నెట్టి, మరల తన స్థానమున నిలిచి, తరువాతి బంతిని వేయుమని బౌలరునకు సైగ చేసెను. దెబ్బను లెక్కచేయకుండుట సాహసమే. కాని అంతకంటె గొప్ప విషయము మరియొకటి కలదు. దెబ్బ కొట్టిన యువకునిపై ఆయన కినియలేదు. పెద్దవాడని జాలిపడి నెమ్మదిగా వేయుమనియు కోరలేదు. తనను సాటి ఆటగాడుగనే చూడవలెనని ఆయన పట్టుదల.

1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ 1953-54 సంవత్సరముననే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ప్రవేశించెను. అనుభవము లేని ఆ క్రొత్త జట్టునకు పెద్దదిక్కుగా నిలిచి, నాయకత్వము వహించినవాడు కనకయ్య నాయుడు. పూర్వులు విడిచి వెళ్ళిన నేలకు మనుమడు క్రికెట్టు ఋణము తీర్చుటకు వచ్చినట్లయ్యెను. అటు పిమ్మట 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకుడై, అరువదియొక్క యేండ్ల వయసులో రాజస్థాన్ జట్టుపై 84 పరుగులు చేసెను. ఆనాటి మేటి బౌలరైన వినూ మన్కడ్ బంతులను సిక్సర్లుగా మలచెను. తుదకు 1963-64లో నాగపురమున జరిగిన ఒక ప్రథమ శ్రేణి పోటీలో ఆయన కడసారి ఆడెను. అప్పటి కాయనకు అరువదియెనిమిది సంవత్సరములు. ఏ పట్టణమున ఆట మొదలైనదో ఆ పట్టణముననే అది ముగిసెను.

ఆడుట మానిన తరువాతను ఆయన క్రికెట్టును విడువలేదు. క్రీడాకారుల ఎంపిక సంఘమునకు అధ్యక్షుడుగను, నియంత్రణ మండలి ఉపాధ్యక్షుడుగను సేవ చేసెను. రేడియోలో వ్యాఖ్యానము చెప్పెను. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదము నొసంగెను. క్రికెట్టు ఆటగాండ్రలో ఆ గౌరవము పొందిన మొదటివాడు ఆయనయే. 1967 నవంబరు 14వ తేదీన ఇండోరులో ఆయన కన్నుమూసెను. పిమ్మట ఆయన పేర యువకులకు జాతీయ స్థాయి పోటీలు ఏర్పడెను. జీవితకాలము క్రికెట్టునకు సేవ చేసినవారికి నియంత్రణ మండలి ఇచ్చు పురస్కారమునకు 1994లో ఆయన పేరే పెట్టిరి. 1996లో తపాలా శాఖ ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను. ఆయన కుమార్తె చంద్రా నాయుడు భారతదేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చెప్పిన తొలి మహిళగా పేరొందెను.

నాయుడు ప్రథమ శ్రేణి పోటీలు 207 ఆడి, 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీసెను. ఏడు టెస్టులలో ఆయన చేసినవి 350 పరుగులు. తీసినవి 9 వికెట్లు. తరువాతి తరముల వారు ఈ సంఖ్యలను ఎన్నో రెట్లు మించిరి. దేశమునకు టెస్టు ఆట లభించునప్పటికే ఆయన యౌవనము గడచిపోయెను. కనుక టెస్టుల లెక్క ఆయన శక్తికి కొలబద్ద కాజాలదు. వంశమును బట్టి గాక నేర్పును బట్టి నాయకుని గుర్తింపవలెనని ఆయన ఆట చాటెను. పరాయి పాలనలో తల వంచి నడచుటకు అలవాటు పడిన ప్రజలకు తల యెత్తి నిలుచు తీరును చూపెను. గుండెపై దెబ్బ తగిలినను, పండ్లు రాలినను, పదవి పోయినను ఆయన తన వికెట్టును విడిచి పోలేదు. బాలురు బ్యాటు పట్టి మైదానమునకు పోవు ఏ యూరిలోనైనను తలచుకొనదగిన గుణము అది.